మోట నుంచి బోరు దాకా: నీళ్ళు ఎవరి దిక్కు నడిచినయి



మొన్న మా పాత బాయి గడ్డ మీద తుమ్మలు కొట్టిస్తుంటే మట్టిలో ఒక మోట గిరక దొరికింది. కట్టె గిరక, సగం చెదలు తిన్నది. మా పిల్లగాడు దాన్ని తిప్పి తిప్పి చూసి "ఇదేంది నాన్నా, బండి చక్రమా" అన్నడు. చెప్పడం మొదలుపెడితే గంట పట్టింది. చెప్తుంటే చెప్తుంటే నాకే ఒక సంగతి మనసులో మెదిలింది. అది మీతో కూడా చెప్పుకోవాలని ఇది రాస్తున్న. పోస్టు పొడుగే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మిషన్లు వచ్చినంక రైతు బాగుపడ్డడు అంటరు కొందరు. మిషన్లే చిన్న రైతును ముంచినయి అంటరు ఇంకొందరు. మా ఊర్లో నేను రెండూ చూసిన. అన్ని మిషన్ల గురించి మాట్లాడితే తెగదు. నీళ్ళు తోడే పనిముట్టు ఒక్కటే పట్టుకొని యాభై ఏండ్ల లెక్క చూద్దాం.

నా చిన్నతనంలో, అంటే 1970లలో, మా దిక్కు ఎక్కువ మోట బాయిలే. రాయలసీమ దిక్కు దీన్నే కపిల అంటరు. ముప్పై నలభై అడుగుల బాయి, ఒడ్డు మీద గిరక, దాని మీదుగా మోకు, మోకు కొసకు బొక్కెన. ఎడ్లు వాలు మీద కిందికి నడిస్తే బొక్కెన పైకి వస్తది. బొక్కెన అడుగున తోలు తొండం ఉంటది. పైకి రాంగనే తొండం నుంచి నీళ్ళు తొట్టిలో పడి కాలువకు పోతయి. మళ్ళీ ఎడ్లను ఎనుకకు నడిపించాలె. చీకటితోనే కట్టి ఎండ ముదిరేదాకా కొడితే పది పదిహేను గుంటలు తడిసేది. మా నాయన ఎడ్ల తోక పట్టుకొనే నిద్రపోయేవాడని మా నాయనమ్మ చెప్పేది.

ఆ కాలం బంగారం అని నేననను. పటేలు బాయి మీద నాలుగు మోటలు నడిచేవి, ఎనిమిది ఎడ్లు. కొట్టేది జీతగాళ్ళు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతం ఉండేవాడు. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లో వచ్చింది, అది మా ఊరికి నడిచి వచ్చేసరికి ఇంకా చాలా ఏండ్లు పట్టింది. అంతరం అప్పుడూ ఉన్నది, బాగా ఉన్నది.

కానీ ఒక్కటి చూడండి. ఎనిమిది ఎడ్లున్నా అవి ఎడ్లే. మధ్యాహ్నానికి అలసిపోతయి. బాయిలో నీళ్ళు అడుగంటితే పటేలైనా ఆగాల్సిందే, రాత్రంతా ఊట వచ్చి పొద్దుటికి మళ్ళీ నిండాలె. భూమి ఎక్కువ ఉన్నోనికి నీళ్ళు ఎక్కువ, అది నిజం. కానీ వాడు ఎంత తోడినా మా బాయి కింది నీళ్ళు గుంజుకపోయే బలం ఆ మోటకు లేదు. ఎడ్ల బలమే హద్దు. ఆ హద్దు ఉన్నోనికి, లేనోనికి ఒక్కటే.

ఇంకోటి. మోట మీద ఎంతమంది బతికిండ్రో లెక్క తీయండి. తొండం కుట్టేది మాదిగ వాళ్ళు. గిరక చెక్కేది వడ్లాయన. బొక్కెనకు ఇనుప పని కమ్మరాయన. వీళ్ళందరికీ కోతలప్పుడు కల్లం కాడ వడ్లు కొలిచేది. తక్కువే కొలిచిండ్రు, మర్యాద కూడా తక్కువే ఇచ్చిండ్రు, అది వేరే కథ. కానీ నీళ్ళు తోడే ఖర్చు ఊర్లోనే తిరిగేది. మోటరు వచ్చినంక ఆ ఖర్చు వైండింగు షాపుకు, పైపుల దుకాణానికి, వాటి వెనుక ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీకి పోయింది. తొండం కుట్టే ఇంటికి ఏ మోటరు లోనూ రాలేదు, ఎందుకంటే వాళ్ళకు బాయే లేదు. మిషన్ వల్ల ముందుగా పోయింది వీళ్ళ బువ్వ. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

మొదట వచ్చింది ఆయిల్ ఇంజను, ఆ తర్వాత కరెంటు మోటరు. పల్లెలకు కరెంటు తీగలు గుంజడానికి కేంద్ర ప్రభుత్వం 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టింది. అదే ఏడు జులైలో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసిండ్రు. భూతనఖా బ్యాంకులు బాయికి, మోటరుకు లోను ఇచ్చేవి. పేరులోనే ఉన్నది చూడండి, భూమి తనఖా పెట్టాలె. పది ఎకరాలు ఉన్నోనికి లోను తొందరగా అయ్యేది. ఎకరంన్నర ఉన్నోడు, ఆ ఎకరంన్నర పట్టా కూడా తాత పేరు మీద ఉన్నోడు, ఆఫీసు మెట్ల మీదనే కూసునేది. మా ఊర్లో మొదటి మోటరు ఎవరింట్లో వచ్చిందో చెప్పాల్సిన పని లేదు. మీ ఊర్లో కూడా వాళ్ళింట్లోనే వచ్చి ఉంటది.

అదే కాలంలో కొత్త వరి వంగడాలు వచ్చినయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 విడుదల చేసింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి పేరు తెచ్చుకున్నరు. పొట్టి వరి, యూరియా వేస్తే పడిపోదు, ఎకరానికి దిగుబడి పాత వడ్ల మీద రెండింతలు దాటింది. కానీ దానికి నీళ్ళు సమయానికి అందాలె. గోదావరి కింద కాలువ ఉన్నది, అక్కడ అందరికీ కాకపోయినా చాలామందికి అందినయి. మా దిక్కు కాలువ ఎక్కడిది? కొత్త వంగడం పండాలంటే మోటరు ఉండాలె. మోటరున్నోనికి వంగడం లాభం, వంగడం లాభంతో యూరియా, దానితో ఇంకో బాయి. మోటోడు పాత వడ్లతోనే ఉన్నడు. మిల్లు కాడ ధర ఇద్దరికీ ఒక్కటే.

అయినా ఈ దశలో అంతరం పెరిగింది కానీ పక్కోని నోటి కాడిది గుంజుకునే దాకా పోలేదు. దానికి కారణం ఒక చిన్న సంగతి, మన పిల్లలకు బడిలో చెప్తరు. ఒడ్డు మీద పెట్టిన మోటరు నీళ్ళను పీలుస్తది. పీల్చే మోటరు ఎంత పెద్దదైనా లెక్క ప్రకారం ముప్పై మూడడుగుల కంటే లోతు నుంచి గుంజలేదు, మన అనుభవంలో ఇరవై అయిదడుగులు దాటితేనే గాలి పడుతది. గాలి ఒత్తిడి అంతవరకే నీళ్ళను ఎత్తుతది. అందుకే నీళ్ళు దిగినకొద్దీ మోటరును బాయిలో కిందికి దించేది, గడ్డకు గూడు తొలిచి అక్కడ పెట్టేది. వానకు బాయి నిండితే మోటరు మునిగేది. రాత్రి వానలో మోటరు పైకి గుంజిన బాధ గుర్తున్నోళ్ళు చాలామంది ఉంటరు. ఆ బాధే ఒక హద్దు. తెలియక మనల్ని కాపాడింది.

ఆ హద్దును తెంపినయి రెండు మిషన్లు: బోరు రిగ్గు, సబ్‌మెర్సిబుల్ మోటరు.

రిగ్గు కథ విచిత్రం. మన నేల కింద నల్లరాయి, గ్రానైటు. అందులో సన్నటి తూటు వందల అడుగులు దింపడం పాత పనిముట్లతో అయ్యేది కాదు. 1966-67లో బిహార్‌లో పెద్ద కరువు వచ్చింది. ఆ కాలంలోనే యునిసెఫ్ గాలి సుత్తె రిగ్గులు మన దేశానికి తెచ్చింది. కంప్రెసర్ గాలితో సుత్తె తూటు అడుగున కొట్టుకుంటది, రాయిని పిండి చేసి పైకి ఊదుతది. తెచ్చింది తాగునీళ్ళ కోసం, పేద పల్లెల కోసం. ఆ తర్వాత 1970లలో ఇండియా మార్క్ టూ చేతిపంపు వచ్చింది, మన వాడల్లో కొట్టి తాగినం కదా, అదే. దళితవాడలో మొదటిసారి వాళ్ళ సొంత నీళ్ళు వచ్చింది చాలా ఊర్లలో ఆ పంపుతోనే. ఇంతకంటే మంచి పని ఏ మిషన్ చేసింది? ఆ రిగ్గే లారీ ఎక్కి అద్దెకు తిరగడం మొదలుపెట్టినంక పొలాల్లోకి వచ్చింది. మిషన్ మారలేదు, దాన్ని పిలిచేటోడు మారిండు.

సబ్‌మెర్సిబుల్ నీళ్ళలోనే మునిగి ఉంటది. పీల్చదు, కింద నుంచి పైకి నెడుతది. ముప్పై మూడడుగుల లెక్క దానికి లేదు. రెండు వందలైనా, అయిదు వందలైనా, కరెంటు ఉంటే చాలు.

మన నేల కింద నీళ్ళు ఎట్లా ఉంటయో తెలిస్తేనే తర్వాత జరిగింది అర్థమైతది. పైన యాభై అరవై అడుగుల దాకా మొరం, చితికిన రాయి. అది తడిసిన గోనెసంచి లెక్క నీళ్ళు పట్టుకుంటది. మోట బాయిలు బతికింది ఆ పొర మీదనే. దాని కింద గట్టి రాయి, రాయిలో అక్కడక్కడ పగుళ్ళు. బోరుకు పగులు తగిలితే నీళ్ళు, లేకపోతే దుమ్ము. పగులుకు నీళ్ళు ఎక్కడివి? పై పొర నుంచి దిగినవే. అంటే బోరు కొత్త నీళ్ళు తేలేదు. బాయిల నీళ్ళనే అడుగు నుంచి తీసింది.

ఇప్పుడు నా సంగతి చెప్తా. చాలా ఏండ్లు ఎవరికీ చెప్పలేదు.

1999లో నేను మొదటి బోరు వేసిన. అప్పటికే మా దిక్కు పెద్ద రైతుల బోర్లు పది దాటినయి, మా బాయి నీళ్ళు జనవరికే అడుగు పట్టేవి. వేపపుల్ల పట్టుకొని ఒకాయన వచ్చి జాగ చూపించిండు. నూట ఎనభై అడుగులకు నీళ్ళు పడ్డయి, రెండించుల ధార. కేసింగు, మోటరు, పైపులు అన్నీ కలిపి నలభై వేలు దాటింది. నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ ఏడు రెండు పంటలు వరి పండింది. మా ఇంట్లో మొదటిసారి రంగుల టీవీ వచ్చింది.

మా బోరుకు అరవై గజాల దూరంలో మా పక్క బాయి కాక పొలం. ఎకరం పది గుంటలు. చేతితో తవ్వుకున్న బాయి, మూడు హార్స్ పవర్ మోటరు. రెండో ఎండాకాలానికి ఆయన బాయి ఎండింది. ఆయన ఏమనలేదు. "ఈసారి వానలు తక్కువరా" అన్నడు. వానలు తక్కువ కాదని నాకు తెలుసు. నా మోటరు బందు పెట్టిన రోజు ఆయన బాయిలో మూరెడు నీళ్ళు ఊరేది. ఒకసారి కరెంటు మూడు రోజులు లేకపోతే చూసిన. చూసి ఇంటికి వచ్చిన. ఎవరికీ చెప్పలేదు.

ఆయన అప్పు చేసి బోరు వేసిండు, రెండు వందల అరవై. దుమ్ము లేచింది. ఇంకోటి వేసిండు, అరగంట పోసి ఆగింది. 2002 కరువు మీకు గుర్తే ఉంటది. ఆ ఏడు నా బోరు కూడా పోయింది. పక్కనే పెద్ద రైతు నాలుగు వందల అడుగులు దింపిండు. నేను కాకకు చేసిందే ఆయన నాకు చేసిండు. నేను మళ్ళీ వేసిన, మూడు వందల ఇరవై, సన్నటి ధార వచ్చింది, బతికిన. కాక ఎకరం అమ్మి హైదరాబాదులో వాచ్‌మెన్ పనికి పోయిండు. పది గుంటలు, ఆ ఎండిన బాయి మాత్రం ఉంచుకున్నడు.

ఇందులో ఎవరు చెడ్డోళ్ళు? ఎవరి భూమిలో వాళ్ళు వేసుకున్నరు. బ్రిటిష్ వాళ్ళు 1882లో చేసిన ఈజ్‌మెంట్స్ చట్టం కాలం నుంచి ఉన్న ఆలోచన అదే, భూమి ఎవరిదో కింది నీళ్ళు తోడుకునే హక్కు వాళ్ళదే. నీళ్ళకు గట్లు తెలియవు, చట్టానికి గట్లు తప్ప ఇంకోటి తెలియదు. అయితే ఒక లెక్క మాత్రం స్పష్టంగా కనపడ్డది నాకు. మొదట బోరు వేసినోడు తక్కువ లోతులో, తక్కువ ఖర్చుతో నాలుగు పంటలు తీసుకున్నడు. ఆ లాభంతో రెండోది లోతుకు దింపిండు. మూడు ఫెయిలైనా తట్టుకున్నడు. చివరికి వేసినోడు ఎక్కువ లోతు, ఎక్కువ ఖర్చు, ఒక్కటి ఫెయిలైతే భూమి పోయింది. మిషన్ ఇద్దరిదీ ఒక్కటే. మొదటోనికి అది లాభం, చివరోనికి ఉన్నది పోకుండా ఉండటానికి కట్టిన జరిమానా. మోటరు కొనలేనోడు చెడిండు అనుకుంటం. మా ఊర్లో ఎక్కువ చెడింది ఆలస్యంగా కొన్నోళ్ళు.

సర్కారు సాయం కూడా మిషన్ వెనుకనే నడిచింది. ఎన్టీఆర్ కాలంలో మీటరు లెక్క కాకుండా హార్స్ పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు అన్నరు. 2000లో కరెంటు ఛార్జీలు పెంచితే పెద్ద ఉద్యమం లేచింది, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయినయి. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టిండ్రు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటలు. అప్పటికి రాష్ట్రంలో 20 లక్షలకు పైగా పంపుసెట్లు ఉన్నయి.

ఉచిత కరెంటు వద్దనే నోరు నాకు లేదు. అది లేకపోతే నేను ఇయ్యాల ఎవుసంలో ఉండకపోదును. రాత్రి రెండు గంటలకు కరెంటు వస్తే స్టార్టరు కాడికి పోయి పాము కాటుకు, షాకుకు పోయినోళ్ళను మనం మోసినం. కానీ లెక్క లెక్కే. సాయం మోటరుకు ఇచ్చిండ్రు. ఎనిమిది బోర్లున్నోనికి ఎనిమిది వంతులు, నాకు ఒకటి, వాన మీద ఆధారపడే పత్తి రైతుకు సున్న, కూలోనికి సున్న. పైగా కరెంటుకు ధర లేదు, నీళ్ళకు ధర లేదు, ఆటో స్టార్టరు పెట్టి ఇంట్లో పంటే మోటరు రాత్రంతా దానంతట అదే పోసింది. మా దిక్కు ఎంతమంది మడి నిండి వాగు పారేదాకా పోసినం! నేను కూడా పోసిన.

ఇదంతా మిషన్ స్వభావమే, తప్పదు అని అనుకునేవాణ్ణి. కాదని రెండు సంగతులు చెప్తయి.

ఒకటి మన చెరువు. కాకతీయుల కాలం నుంచి మనకు చెరువులు ఉన్నయి, పాకాల, రామప్ప ఇప్పటికీ నీళ్ళిస్తున్నయి. చెరువు కట్ట కూడా ఆ కాలానికి పెద్ద ఇంజనీరింగే. కానీ దానితోపాటు ఒక మనిషి ఉన్నడు, నీరటి. తూము ఎప్పుడు తీయాలె, ఎవరి మడికి ఎంతసేపు, చెరువు సగమే నిండితే ఎంత ఆయకట్టు నాటాలె, అంతా ఆయన చేతిలో. కరువు ఏడు అందరికీ కొంచెం కొంచెం. అక్కడ కూడా దొర మడికి ముందు పారింది, చివరి ఆయకట్టుకు ఏడుపే. అయినా వంతు అనే మాట ఒకటి ఉన్నది, అడిగే నోరు ఉన్నది. బోరుకు నీరటి లేడు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, వాల్టా అంటం. బోరుకు రిజిస్ట్రేషన్, అనుమతి అన్నది. రిగ్గులు అర్ధరాత్రి వచ్చి తెల్లారేసరికి పోయేవి, చట్టం పొద్దున లేచేసరికి గుంత తడి ఉండేది.

రెండోది మహారాష్ట్రలో. 1972 కరువు చూసిన విలాస్‌రావు సాళుంఖే అనే ఇంజనీరు పుణె జిల్లా పురందర్ తాలూకా నాయ్‌గావ్‌లో పానీ పంచాయత్ అని మొదలుపెట్టిండు. వాళ్ళు కూడా మోటర్లతోనే ఎత్తిండ్రు, అదే కరెంటు, అవే పైపులు. కానీ నీళ్ళు ఎకరాల లెక్కన కాకుండా మనుషుల లెక్కన పంచిండ్రు. మనిషికి అరెకరం తడికి సరిపడా నీళ్ళు, కుటుంబానికి ఎక్కువలో ఎక్కువ రెండున్నర ఎకరాలకు. చెరుకు వేయొద్దు. భూమి అమ్మితే నీళ్ళ హక్కు దానితో పోదు. భూమి లేనోనికి కూడా వాటా ఉన్నది, వాడు కౌలుకు పట్టి ఆ నీళ్ళు వాడుకోవచ్చు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూసున్న. మా బోరు వేసిన రోజు ఇటువంటి మాట ఒక్కటన్నా మా ఊర్లో ఎవరన్నా అని ఉంటే? మేము అనుకోలేదు. రిగ్గోనితో అడుగుకు ఎంత అని బేరమాడినం అంతే.

ఇదంతా పాత కథ కాదు. ఇప్పుడు సోలార్ పంపు వస్తున్నది, 2019 నుంచి కేంద్రం కుసుమ్ పథకం కింద సబ్సిడీ ఇస్తున్నది. ఎండ ఉన్నంతసేపు నడుస్తది, బిల్లు లేదు, కోత లేదు. మంచిదే. కానీ రైతు వాటా ముందు కట్టగలిగినోడే దరఖాస్తు పెడుతడు. మందు కొట్టే డ్రోన్ మొన్న మా మండలానికి వచ్చింది, ఎకరాలు ఎక్కువున్నోని చేను మీద చకచక తిరిగింది, నా రెండెకరాల ముక్కకు వేరేగా రావాలంటే గిట్టదన్నరు. మందు కొట్టే కూలీలు చెట్టు కింద కూసొని చూసిండ్రు.

కాక పోయిన సంవత్సరం తిరిగి ఊరికి వచ్చిండు, ముసలాయన అయ్యిండు. ఆ పది గుంటల్లో కూరగాయలు పెట్టుకుంట అన్నడు. మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీసినంక మా దిక్కు నీళ్ళు కొంచెం పైకి వచ్చినయి, వానాకాలంలో ఆయన బాయిలో కూడా నిలుస్తున్నయి. ఎండాకాలం రావు. నేను మా బోరు నుంచి ఒక పైపు లైను ఆయన గట్టు దాకా వేసిన. రోజు విడిచి రోజు పొద్దున గంటసేపు ఆయన వంతు. మొదటి రోజు పైసలు ఎంత ఇయ్యాలెరా అని అడిగిండు.

నేను ఏం చెప్పలేక వాల్వు తిప్పిన.

మీ ఊర్లో మొదటి బోరు ఏ ఏడు పడ్డది, ఎన్ని అడుగులకు, దాని చుట్టూ ఎన్ని బాయిలు ఎండినయి, పెద్దోళ్ళను అడిగి రాయండి. మా వాడకట్టుది నేను రాసుకున్న: మొదటి బోరు 1987, నూట పది అడుగులు. బాయిలు పందొమ్మిది, ఇప్పుడు ఎండాకాలంలో నీళ్ళున్నవి రెండు.